‘మౌంటెన్ మారథాన్ ఫుల్ కిట్’ కాంబో కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

యూకేలో అక్టోబర్ చివర్లో జరిగే రెండు రోజుల మౌంటెన్ మారథాన్‌కి పేరిచ్చినవాళ్లకీ, ఇండియాలో కిట్ కొనుక్కుని అక్కడికి వెళ్దామనుకుంటున్నవాళ్లకీ ఈ హెచ్చరిక. "రేసు లిస్టులో ఉన్నవన్నీ ఒకే పెట్టెలో" అంటూ జాకెట్, ప్యాంటు, స్లీపింగ్ బ్యాగ్, టెంటు, హెడ్‌ల్యాంప్, దిక్సూచి కలిపి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కాంబోల జోలికి పోకండి. రేసువాళ్లు తప్పనిసరిగా మోయాలన్న సామాను లిస్టులో ప్రతి పేరు పక్కనా టిక్కు పడుతుంది కానీ వాటితో కొండ మీద రాత్రి గడవదు. అమ్మేవాడి పేరు రాయడం లేదు. ఇదే సరుకు రకరకాల దుకాణాల పేర్లతో తిరుగుతోంది, అందుకని సరుకును గుర్తుపట్టడం నేర్చుకోవడమే మేలు.

ఈ పోటీల గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1968లో మొదలై, చాలాకాలం కరిమోర్ అనే కంపెనీ పేరుతో నడిచి, ఇప్పుడు ఓఎంఎం (ఒరిజినల్ మౌంటెన్ మారథాన్) అని పిలుస్తున్న పోటీ ఈ తరహాకి పెద్దన్న. ఇద్దరు కలిస్తే ఒక జట్టు. గుర్తులు పెట్టిన దారంటూ ఉండదు, మ్యాపు చూసుకుంటూ కంట్రోల్ పాయింట్లు (తప్పక చేరాల్సిన గుర్తు స్థలాలు) వెతుక్కోవాలి. టెంటు, తిండి, పొయ్యి, పక్కబట్టలు అన్నీ వీపు మీదే. రాత్రికి కొండల మధ్య పచ్చిక మీద మకాం, తెల్లారితే మళ్లీ పరుగు. 2008లో ఇంగ్లండ్ కొండప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్ దగ్గర వానకీ గాలికీ మొదటిరోజే పోటీ ఆపేయాల్సి వచ్చింది. డార్జిలింగ్ దగ్గరి సందక్‌ఫూ మీదుగా ఐదు రోజులు సాగే హిమాలయన్ 100 మైల్ లాంటివి వేరు. వాటిలో సామాను బండి మీద వస్తుంది, రాత్రికి నెత్తిన కప్పు ఉంటుంది. నాసిరకం స్లీపింగ్ బ్యాగ్ అక్కడైతే నిద్ర చెడగొడుతుంది. ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఎక్కువ మోసం జాకెట్‌లోనే. లేబుల్ మీద ‘వాటర్‌ప్రూఫ్ 10,000 ఎంఎం’ అని ఉంటుంది. ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి బట్ట తట్టుకుంటుందో చెప్పే ఆ అంకె బట్టది మాత్రమే, కుట్టుది కాదు. కుట్టిన ప్రతిచోటా సూది బెజ్జాలుంటాయి, వాటి మీద లోపలివైపు టేపు అతికించకపోతే వాన అక్కడి నుంచే దిగుతుంది. రేసు నిబంధనల్లో కుట్లకి టేపు ఉండాలని విడిగా రాసేది ఇందుకే. జాకెట్ తిరగేసి చూడండి. ఈ కాంబోల్లో భుజాల మీద టేపు ఉంటుంది, హుడ్ మెడకి కలిసే చోటా, చంకల్లోనూ, జిప్ పక్కనా ఉండదు. దుకాణదారు ఫొటోలో కనబడేది భుజాలే మరి. అనుమానంగా ఉంటే ఆ కుట్టు దగ్గర బట్టని దొన్నెలా మడిచి, కింద న్యూస్‌పేపర్ పరిచి, గ్లాసుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. కాగితం తడిస్తే జాకెట్ వెనక్కి పంపేయండి. నీళ్లు ముత్యాల్లా జారిపోతున్నాయని మురిసిపోవద్దు. అది పైపూత పని, పది రూపాయల విండ్‌చీటర్ మీద స్ప్రే కొట్టినా అలాగే జారతాయి. భుజాల మీద బ్యాగ్ పట్టీలు నొక్కుతూ రెండు గంటలు వాన పడినప్పుడే అసలు పరీక్ష.

2021 మే 22న చైనాలోని గన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో ఒక్కసారిగా చలిగాలి, వడగళ్లు, గడ్డకట్టే వాన వచ్చి 21 మంది చనిపోయారు. చాలామంది నిక్కర్లూ పల్చటి టీషర్టులతోనే ఉన్నారు. గాలిని ఆపే జాకెట్ ఆ పోటీ తప్పనిసరి జాబితాలో లేదు. జాబితాలో ఉండీ పని చేయని జాకెట్‌తో కొండెక్కితే తేడా ఏముంది?

సెకండ్‌హ్యాండ్ జాకెట్ చవగ్గా దొరుకుతుందంటే మరో రకం జాగ్రత్త కావాలి. లోపలి పూత పాలీయూరిథేన్ అయితే తేమకీ వేడికీ రసాయనికంగా విరిగిపోతుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో బీరువాలో నాలుగేళ్లు పడున్న జాకెట్‌ని "రెండుసార్లే వేసుకున్నాం" అని అమ్ముతారు, మాట నిజమే కావచ్చు. లోపల చేయి పెట్టి రుద్దితే జిగురుగా తగిలినా, తెల్లటి పొలుసులు రాలినా, టేపు అంచు గోరుతో లేచొచ్చినా వదిలేయండి. పాత ట్రెక్కింగ్ బూట్ల అడుగులు పెట్టెలో ఉండగానే ముక్కలవడానికీ కారణం ఇదే.

స్లీపింగ్ బ్యాగ్ విషయానికొద్దాం. కాంబో సంచీ మీద పెద్ద అక్షరాల్లో ‘−10 డిగ్రీలు’ అని ఉంటుంది. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన సంచీకి కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని విడివిడిగా అంకెలు ఇస్తారు. కంఫర్ట్ అంటే ఒక మామూలు స్త్రీ చలి తెలియకుండా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ఒక మామూలు పురుషుడు ముడుచుకుని రాత్రి గడపగలది. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలు ప్రాణం నిలబెట్టుకోగలది, అంతే. నిద్ర ఊసే లేదు. అమ్మేవాళ్లు ఆ మూడోదాన్ని మొదటిదిగా చూపిస్తారు. మూడు అంకెలూ, ప్రమాణం పేరూ లేబుల్ మీద లేకపోతే ఆ −10ని ఎవరో ఊరికే అచ్చేసినట్టే.

బరువు చూస్తే అబద్ధం ఇంకా తొందరగా బయటపడుతుంది. పాలిస్టర్ నింపిన 900 గ్రాముల సంచీ 10 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది, సున్నాకి వెళ్తే ఉండదు. సున్నా డిగ్రీల కంఫర్ట్ కావాలంటే 800 ఫిల్ పవర్ (ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) ఉన్న డౌన్ (బాతుల మెత్తటి నూగు) సుమారు 350 నుంచి 450 గ్రాములు లోపలే ఉండాలి, పై బట్ట బరువు వేరు. అందులోనూ కల్తీ ఉంది. డౌన్ అని చెప్పి ఈకలు కూరుతారు. సంచీని రెండు వేళ్ల మధ్య నలిపితే పుల్లల్లాంటి ఈనెలు గుచ్చుకుంటాయి. డౌన్ తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది కాబట్టి డ్రై బ్యాగ్‌లో (నీళ్లు చొరని సంచీలో) పెట్టి, దాన్ని మళ్లీ దళసరి చెత్త సంచీలో చుట్టాలి. రక్‌సాక్‌లు చాలావరకు వాటర్‌ప్రూఫ్ కావు, పైన కట్టే రెయిన్ కవర్‌ని గాలి ఎత్తుకుపోతుంది. ఒంటి కిందపడి నలిగిన నింపుడు వెచ్చదనం ఇవ్వదు, అందుకని మ్యాట్ కూడా లెక్కలోకి తీసుకోండి. కాంబోలో వచ్చే 6 మి.మీ. యోగా మ్యాట్ సరిపోదు.

టెంటులో చూడాల్సినవి కడ్డీలు, అడుగు. ఫైబర్‌గ్లాస్ కడ్డీ ఈదురుగాలికి నిలువునా చీలుతుంది, ఆ పెచ్చు పై గుడ్డనీ చింపేస్తుంది. అల్యూమినియం కడ్డీ అయితే వంగుతుంది, సరిచేసుకోవచ్చు. అడుగు గుడ్డ టెంటుకి కుట్టి ఉండాలని సాధారణంగా నిబంధన. విడిగా పరిచే పట్టా ఇచ్చేవి కిట్ తనిఖీలో ఆగిపోతాయి. సిలికాన్ పూత ఉన్న పల్చటి గుడ్డకి మామూలు టేపు అతకదు, కుట్లకి సిలికాన్ సీలెంట్ మనమే రాయాలి. కొత్త టెంటు కారిందని తిట్టుకునేవాళ్లలో సగం మంది ఈ పని చేయనివాళ్లే, ఇందులో అమ్మినవాణ్ని పూర్తిగా అనలేం. బరువు మాత్రం కచ్చితంగా తూచండి. ఇద్దరికీ కలిపి కిలోన్నర దాటితే దించేయడం మంచిది. ఈ కాంబోల్లో రెండున్నర కిలోలది కూడా వస్తోంది.

పొయ్యితో వచ్చేది పొడవాటి బ్యూటేన్ డబ్బా. నార్మల్ బ్యూటేన్ −0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సున్నాకి దగ్గరపడే తెల్లవారుజామున అది డబ్బాలో ద్రవంగానే కూర్చుంటుంది, మంట రాదు. ఐసోబ్యూటేన్ (మరిగేది −11.7 దగ్గర), ప్రొపేన్ (−42) కలిపిన, మర తిప్పి బిగించే 100 గ్రాముల డబ్బా కొనండి. అరలీటరు నీళ్లు కాగడానికి గాలి అడ్డు ఉంటే సుమారు 8 నుంచి 10 గ్రాములు చాలు, ఆ లెక్కన ఇద్దరికీ ఒక డబ్బాతో సరిపోతుంది. విమానంలో గ్యాస్ డబ్బా చెక్‌ఇన్ సామానులో కూడా ఒప్పుకోరు. దిగాక అక్కడే కొనుక్కోవాలి.

హెడ్‌ల్యాంప్ పెట్టె మీద 10,000 ల్యూమెన్లు అనీ, లోపలి 18650 బ్యాటరీ మీద 9,900 ఎంఏహెచ్ అనీ ఉంటే నవ్వుకుని మూసేయండి. ఆ సైజు సెల్‌లో పట్టేది సుమారు 3,500 ఎంఏహెచ్. అసలు సెల్ 45 గ్రాముల పైమాటే తూగుతుంది, నకిలీవి 30 గ్రాముల దగ్గర తేలిపోతాయి. వంటింటి డిజిటల్ కాటా చాలు.

దిక్సూచి గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. భూ అయస్కాంత క్షేత్రం మన దక్షిణాదిలో నేలవైపు కొద్దిగానే వంగి ఉంటుంది, యూకేలో బాగా కిందికి వంగి ఉంటుంది. అందుకే మంచి కంపెనీలు ప్రాంతాన్నిబట్టి సూదికి బరువు సరిచేస్తాయి. ఏ ప్రాంతానిదో రాయని దిక్సూచి హైదరాబాద్‌లో చక్కగా తిరిగినా లేక్ డిస్ట్రిక్ట్‌లో ఉత్తరపు కొస అడుగుకి రాసుకుని ఆగిపోవచ్చు. దీన్నీ అక్కడే కొనండి. ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే ఒకే జేబులో పెట్టకండి, సూది అయస్కాంతం తిరగబడి ఎర్ర కొస దక్షిణం చూపించవచ్చు. పొగమంచులో అది తెలుసుకునేసరికి పక్క లోయలో ఉంటారు.

నిబంధనల్లో సర్వైవల్ బ్యాగ్ అంటే ఆపదలో మనిషి లోపల దూరే సంచీ. కాంబోలో వచ్చే వెండి రంగు రేకు దుప్పటి గాలికి చిరిగిపోతుంది, తనిఖీలోనూ ఒప్పుకోరు. బూట్ల అడుగు ముళ్లు 6 నుంచి 8 మి.మీ. లోతు ఉండాలి. రోడ్డు బూట్లతో తడిగడ్డి వాలు దిగలేరు.

ఇక డబ్బు సంగతి. పెట్టె విప్పడం దగ్గర్నుంచి కాటా మీద అంకె దాకా కోత లేకుండా వీడియో తీయండి. ట్యాగులు తెంచకండి, టెంటుని ఇంట్లోనే పరిచి చూడండి, మట్టి అంటితే వాపసు కుదరదంటారు. ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనంటే ఇండియాలో 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ముందు ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదుల అధికారికి) రాయండి, 48 గంటల్లో అందిందని చెప్పాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. యూకేలో ఆన్‌లైన్ కొనుగోలు అయితే సరుకు అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు, లోపం ఉంటే 30 రోజుల్లోపు తిరస్కరించి మొత్తం డబ్బు అడగొచ్చు. 100 పౌండ్లు దాటిన వస్తువుని క్రెడిట్ కార్డుతో కొంటే అక్కడి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకునీ పట్టుకోవచ్చు. వ్యక్తుల దగ్గర కొన్న సెకండ్‌హ్యాండ్‌కి ఈ రక్షణలు దాదాపు ఉండవు. "ట్రెక్కింగ్‌కి పనికొస్తుంది కదా, ఉంచేసుకోండి, 30 శాతం వెనక్కిస్తాం" అని చాట్‌లో బేరం పెడతారు. ఒప్పుకున్నట్టు ఒక్క మాట టైప్ చేసినా ఫిర్యాదు పరిష్కారమైందని మూసేస్తారు. పూర్తి వాపసు తప్ప మరేదీ వద్దని రాసి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి.