కరెంటు పోయిన పూట కాఫీ ఏ పొయ్యి మీద?

2020 అక్టోబర్ 13 నాటి వాన గురించి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం ఆ రోజు పొద్దున్నే కాకినాడ దగ్గర తీరం దాటి, సాయంత్రానికి మన నెత్తిన కూర్చుంది. మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి మోకాలి పైదాకా నీళ్ళు వచ్చాయి. మీటర్లన్నీ అక్కడే ఉండటంతో ప్రమాదమని లైను ఆపేశారు. మళ్ళీ కరెంటు చూసింది పదిహేనో తారీఖు మధ్యాహ్నమే.

పద్నాలుగో తారీఖు పొద్దున అయిదున్నరకి చీకట్లోంచి అమ్మ గొంతు వినపడింది. "ఒరేయ్, కాఫీ సంగతేమిటి?"

మా ఇంట్లో పొద్దుటి కాఫీ డ్యూటీ నాది. అంతకు ముందు ఏడాదే వంటిల్లు బాగు చేయించి, మోజుపడి ఇండక్షన్ స్టవ్ పెట్టించాం. పాత రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యిని, సిలిండర్‌తో సహా వాష్ ఏరియాలోకి నెట్టేశాం. ఆ రెండు రోజులూ ఇల్లు గడిచింది ఆ నెట్టేసిన పొయ్యి మీదే. అదైనా పూర్తిగా గడవలేదు. రెండో రోజు కిచిడీ సగం ఉడికేసరికి సిలిండర్ అయిపోయింది. మాది ఒక్క సిలిండర్ కనెక్షన్. కుక్కర్ పట్టుకుని పక్కింటి వాళ్ళ తలుపు కొట్టాను. అప్పటినుంచి వానాకాలం కరెంటు కోతల్లోనూ, ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలికి చెట్లు తీగల మీద పడి కరెంటు పోయినప్పుడూ ఒక్కో పద్ధతీ వాడి చూస్తూ వచ్చాను.

ముందు ఇండక్షన్ సంగతి చెప్పేస్తాను. "ఇన్వర్టర్ ఉందిగా, దాని మీద నడవదా?" అని చాలామంది అడుగుతారు. నడవదు. అయితే దానికి కారణం అందరూ అనుకునేది కాదు. మామూలు ఇళ్ళలో ఉండే 150 ఆంపియర్-అవర్, 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్ల (ఒక వాటు చొప్పున గంటసేపు వాడితే ఒక వాట్-అవర్) కరెంటు ఉంటుంది. లీటరు నీళ్ళు మరగడానికి ఖర్చయ్యేది దాదాపు 100 వాట్-అవర్లే. అంటే బ్యాటరీలో సరుకు బోలెడుంది, బయటికొచ్చే దారే ఇరుకు. 900 వీఏ సామర్థ్యం ఉన్న ఇన్వర్టర్ ఒకేసారి మోయగలిగేది సుమారు 700 వాట్లు. ఇండక్షన్ స్టవ్ అడిగేది 1200 నుంచి 2000 వాట్లు. "తక్కువలో పెడితే సరి" అనుకుని నేనూ పెట్టాను. కుయ్యిమని ఒక్క అరుపు అరిచి ఇన్వర్టర్ పడుకుంది, దాంతోపాటు ఉన్న ఒక్క ఫ్యానూ ఆగింది. చాలా ఇండక్షన్ స్టవ్‌లు తక్కువలో పెట్టినా నిజంగా తక్కువ లాగవు. కాసేపు గట్టిగా లాగి, కాసేపు ఆగి, మళ్ళీ గట్టిగా లాగుతాయి. ఆ మొదటి లాగుడికే ఇన్వర్టర్ చేతులెత్తేస్తుంది.

ఇదే లెక్కలోంచి ఒక పనికొచ్చే సంగతి బయటపడింది. ప్రయాణాల కోసం అమ్మే అర లీటరు బుల్లి కెటిల్ ఉంటుంది చూశారూ, 600 వాట్లది, అది మా ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, ఒక్క లైటు మాత్రం ఉంచి పెడితే అయిదారు నిమిషాల్లో నీళ్ళు మరుగుతాయి. అందుకయ్యే కరెంటుతో ఒక ఫ్యాను ముప్పావుగంట తిరుగుతుంది. తెల్లవారుజామున, ఉక్కపోత లేని వాన పూట ఆ బేరం నాకు నచ్చింది. మే నెల మధ్యాహ్నమైతే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు. ఒక్కటి చూసుకోవాలి. వంటింట్లో పెద్ద సాకెట్లకు ఇన్వర్టర్ లైను సాధారణంగా ఇవ్వరు. మా కెటిల్ నడిచేది హాల్లో టీవీ పక్కనున్న సాకెట్‌లో. ఎలక్ట్రీషియన్‌ని అడిగి, ఆ వైరు అంత లోడు మోస్తుందని తేలాకే పెట్టాను.

కానీ కెటిల్‌తో నీళ్ళే కాగుతాయి. పాలు పోస్తే అడుగంటుతాయి, అన్నం వండలేం. కాబట్టి అసలు పోటీ గ్యాస్ పొయ్యికీ, చిన్న డబ్బా పెట్టి వెలిగించే పోర్టబుల్ బ్యూటేన్ స్టవ్‌కీ మధ్యే.

గ్యాస్ పొయ్యి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. కరెంటుతో దానికి పని లేదు. పైపు గ్యాస్ ఉన్న అపార్ట్‌మెంట్లలోనూ కరెంటు లేకపోయినా మంట వస్తుంది. వంటగట్టులోకి బిగించే కొత్త హాబ్ పొయ్యిల్లో కొన్నిటికి ఆటో ఇగ్నిషన్ ప్లగ్గుకి కట్టేసి ఉంటుంది. కరెంటు పోతే నాబ్ ఎంత తిప్పినా టక్‌టక్‌మనదు. అప్పుడు పాత లైటరే గతి. అగ్గిపెట్టె కూడా ఉండాలి, అదీ మెత్తబడకుండా మూత బిగుతైన స్టీలు డబ్బాలో. చిమ్నీ పనిచెయ్యదు కాబట్టి కిటికీ తెరవాలి. 14.2 కిలోల నిండు సిలిండర్ ఇంకోటి మూలన ఉంటే తుపాను వచ్చినా నెలరోజులు బెంగ లేదు. ఆ వాన తర్వాత నేను చేసిన మొదటి పని రెండో సిలిండర్‌కి రాయించుకోవడం.

మరి బ్యూటేన్ స్టవ్ ఎందుకు? పెళ్ళిళ్ళ బఫేల్లో ఆమ్లెట్లు వేసేవాళ్ళ ముందు ఉండే పలకలాంటి స్టవ్వే ఇది. ఒక డబ్బాలో 220 గ్రాముల పైచిలుకు గ్యాస్ ఉంటుంది. పెద్ద మంట మీద గంట, గంటంపావు వస్తుంది. లెక్కేస్తే ఒక డబ్బాతో పదిహేను లీటర్ల నీళ్ళు మరిగించొచ్చు. ముగ్గురు మనుషుల కాఫీలకైతే చాలా రోజులు, వంటకి కూడా వాడితే ఒక రోజు. ఖర్చు ప్రకారం చూస్తే సిలిండర్ గ్యాస్‌తో దీనికి పోలికే లేదు. పైగా ఒక జాగ్రత్త మరిచిపోకూడదు. పెద్ద పెనమో వెడల్పాటి మూకుడో పెడితే అంచు పక్కనున్న డబ్బా అరమీదికి వస్తుంది. ఆ వేడికి డబ్బా పేలే ప్రమాదం ఉంది. దాని మీద చిన్న గిన్నెలే పెట్టాలి. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో ఇది అదనపు హంగే. అంతా ఇండక్షనే పెట్టుకున్న ఇంట్లో మాత్రం అవసరం. ఈమధ్య గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఒంటరిగా ఉండే కుర్రాళ్ళ ఫ్లాట్లలో గ్యాస్ కనెక్షనే ఉండటం లేదు. వాళ్ళకి నా ఓటు దీనికే.

మా చెల్లిదీ అదే పరిస్థితి, కాకపోతే హ్యూస్టన్‌లో. 2024 జూలై 8న బెరిల్ హరికేన్ టెక్సాస్ తీరాన్ని తాకినప్పుడు ఆ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. వాళ్ళింట్లో పొయ్యి అద్దం పలకలాంటి ఎలక్ట్రిక్‌ది. రెండో రోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇంటి నిండా సరుకులున్నాయి, గ్లాసుడు వేణ్ణీళ్ళకి దిక్కు లేదు" అంది. పెరట్లో ప్రొపేన్ గ్రిల్ ఉంటే దాని మీద గిన్నె పెట్టి కాఫీ కాచుకున్నారట. వాన జల్లు కొడుతోందని వాళ్ళాయన గ్రిల్‌ని గ్యారేజీలోకి తోద్దామంటే ఇది ఒప్పుకోలేదు. మంచి పని చేసింది. గ్రిల్ అయినా బొగ్గులైనా జనరేటర్ అయినా మూసిన చోట వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, రంగుండదు. ప్రతి హరికేన్ తర్వాతా అక్కడ జనరేటర్‌ని కిటికీలకు 20 అడుగుల అవతల పెట్టమని చెబుతూనే ఉంటారు. తర్వాత చెల్లీ బ్యూటేన్ స్టవ్ కొనుక్కుంది. వేసవి హరికేన్లకి సరిపోతుంది గానీ, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పటి చలికైతే పనికిరాదు. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ డబ్బాలోంచి సరిగ్గా ఆవిరై రాదు. మనకి హైదరాబాద్‌లో ఆ బాధ లేదు.

అమ్మ ఇవన్నీ విని, "కుంపటి ఒకటి పడేసుకుంటే పోయేదిగా" అంటుంది. 1996 నవంబర్‌లో కోనసీమ తుపాను వచ్చినప్పుడు అమ్మ అమలాపురంలోనే ఉంది. కొబ్బరి చెట్లన్నీ నేలకొరిగి, రోజుల తరబడి కరెంటు లేకపోతే, వత్తుల స్టవ్ మీదే ఇంటిల్లిపాదికీ వండింది. ఇప్పుడు కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది? కుంపటికేమో పెరడు కావాలి. అమ్మ కాలపు ఇంటికి నాలుగు వైపులా గాలి, పైన పెంకులు. మాది తలుపులన్నీ మూస్తే గాలి చొరబడని మూడో అంతస్తు ఫ్లాటు. ఆ మాట చెప్పి ఇప్పటికి నాలుగుసార్లు ఒప్పించాను, అయిదోసారి మళ్ళీ అంటుంది.

పొయ్యి తేలింది, ఇక కాఫీ. ఫిల్టరా, ఇన్‌స్టంటా? మామూలు రోజుల్లో ఇది మా ఇంట్లో చర్చకే రాదు. కరెంటు లేనప్పుడు మాత్రం ఇన్‌స్టంట్‌కి ఒక పాయింటు ఇవ్వాలి. రాత్రి మరిగించి ఫ్లాస్కులో పోసిన నీళ్ళు పొద్దుటికి వేడిగానే ఉంటాయి, కానీ సలసల మరిగే వేడి ఉండదు. ఇన్‌స్టంట్ పొడి ఆ నీళ్ళలో హాయిగా కరిగిపోతుంది. ఫిల్టర్‌లో అవే నీళ్ళు పోస్తే డికాక్షన్ పల్చగా, పులుపు తగిలి దిగుతుంది. దానికి అప్పుడే మరిగిన నీళ్ళు పడాల్సిందే. వానాకాలంలో ఇంకో చిక్కు, డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే పొడి తేమ పట్టి ఉండకట్టి, చుక్క దిగదు. గింజలు తెచ్చుకుని ఇంట్లో పట్టుకునేవాళ్ళ తిప్పలు సరేసరి. మిక్సీ కూడా ఇన్వర్టర్‌ని పడుకోబెట్టే సరుకే. తుపాను వస్తోందని వార్తల్లో వినగానే వారానికి సరిపడా పొడి ముందే పట్టి ఉంచుకోవాలి.

అయినా నా మొగ్గు ఫిల్టర్ వైపే. ఆ పద్నాలుగో తారీఖు పొద్దున సెల్‌ఫోన్ టార్చి మీద నీళ్ళ సీసా నిలబెట్టాను, అలా పెడితే వెలుగు గదంతా పరుచుకుంటుంది. పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేసి, బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాను. ఫ్యాను చప్పుడు లేదు, ఫ్రిజ్ గురక లేదు, రోడ్డు మీద బండి లేదు. డికాక్షన్ కింది గిన్నెలోకి ఒక్కో చుక్కే పడటం వినపడింది. ఇన్నేళ్ళుగా కాఫీ కలుపుతున్నాను, ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

మరి పాలు? పొయ్యి గురించి ఇంత రాశాను గానీ, రెండో రోజు కాఫీని ఆపేది పొయ్యి కాదు, పాలే. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నిలిచేది నాలుగు గంటలు. మా ఇంట్లో మాత్రం ఎవరో ఒకరు అలవాటుకొద్దీ తలుపు తీస్తూనే ఉన్నారు. ఆ సాయంత్రానికి పాలు పొయ్యి మీద పెట్టగానే విరిగిపోయాయి. పాల ప్యాకెట్ల అబ్బాయి మోకాళ్ళ లోతు నీళ్ళలో రాలేడు కదా. అప్పటినుంచి అలమరలో రెండు టెట్రా ప్యాకుల పాలు ఉంటున్నాయి. విప్పనంతవరకు వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. 200 మిల్లీలీటర్లవే కొంటాను, లీటరుది విప్పితే మిగిలింది దాచే చోటుండదు. పాలపొడితో కాఫీ తాగొచ్చు గానీ, అమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

వంటలో నేను పాటించే వరస ఒకటే, ఫ్రిజ్‌లో ముందు పాడయ్యేది ముందు వండెయ్యాలి. మొదటి పూట దోసెలు, ఎందుకంటే పిండి ఎటూ పులిసిపోతుంది. రెండో పూట ఉన్న కూరలన్నీ వేసి సాంబారు. ఆ తర్వాతే కుక్కర్లో పెసరపప్పు కిచిడీ, ఉప్మా, అటుకులు. మోటారు నడవదు కాబట్టి ట్యాంకులో ఉన్న నీళ్ళే నీళ్ళు. అందుకని ఎక్కువ గిన్నెలు పడే వంటల జోలికి వెళ్ళను. వాటర్ ఫిల్టరూ పనిచెయ్యదు, తాగే నీళ్ళ క్యాన్ ఒకటి ముందే తెచ్చి పెడతాను.

పదిహేనో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకి ఫ్రిజ్ గుర్రుమంది. అమ్మ కళ్ళు తెరిచి ఫ్యాను వైపు చూసి, "వచ్చిందా? అయితే పాలకి వెళ్ళొస్తావా?" అంది. గొడుగు తీసుకుని బయల్దేరాను. లిఫ్టు ఇంకా నడవడం లేదు.