ఏడేళ్లు నాటకాలు తీసిన చిన్న హ్యాండీక్యామ్: ఏ మీట ఎప్పుడు తిప్పాలి

మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక నాటక సమాజంలో హార్మోనియం వాయిస్తారు. శివరాత్రికో తిరునాళ్లకో పౌరాణిక నాటకం పడిందంటే రాత్రి పదింటికి తెర లేచి, తెల్లవారుజామున మూడింటికి గానీ దిగదు. ఆ పద్యాలు, ఆ ఆలాపనలు, జనం ‘వన్స్ మోర్’ అని అరిస్తే నటుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ శ్రుతి అందుకునే తీరు, ఇవన్నీ దాచుకోవాలని 2018లో సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 అనే చిన్న వీడియో కెమెరా కొన్నాను. ఆ మోడల్ వచ్చింది 2015లో. అప్పటి నుంచి ఏటా ఏడెనిమిది నాటకాల చొప్పున తీస్తున్నాను. పెళ్లిళ్లు, అన్నప్రాశనలు కూడా తీశాను కానీ వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెరిచి, ఎర్రచుక్క మీట నొక్కితే చాలు, మిగతాది కెమెరానే చూసుకుంటుంది. స్టేజీ దగ్గరే అసలు పరీక్ష.

ఫోన్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. కూర్చున్న జనానికి అడ్డం రాకుండా, వెనక వరసలకు ఇంకా వెనక ట్రైపాడ్ పెట్టి, అరవై డెబ్బై అడుగుల దూరం నుంచి కృష్ణుడి కళ్లు కదలడం తీయాలి. దీనికి 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. అది నిజంగా గాజు కదిలి దగ్గరకు తెచ్చే జూమ్, బొమ్మను సాగదీసేది కాదు. నా ఫోన్‌తో అయితే గంట దాటేసరికి దాని ఒళ్లు కాలిపోతుంది, మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు. ఈ కెమెరా బ్యాటరీతో కలిపి కూడా రెండు వందల గ్రాముల పైచిలుకే. ఐదు గంటల నాటకమైనా చల్లగా పని చేసుకుపోతుంది.

ముందు మీటల సంగతి. పక్కనున్న 2.7 అంగుళాల తెర తెరవగానే కెమెరా ఆన్ అవుతుంది, మూస్తే ఆగిపోతుంది. లెన్స్ మూత మాత్రం దానంతటది తెరుచుకోదు, ముందున్న చిన్న మీట చేత్తో జరపాలి. ఇది టచ్ స్క్రీన్ కాదు. తెర అంచున ఒక చిన్న గుబ్బ ఉంటుంది. దాన్ని నాలుగు వైపులా తోస్తే కదులుతుంది, మధ్యలో నొక్కితే మెనూ వస్తుంది. మొదటి నెల అది నాకు చిరాకు తెప్పించింది. ఇప్పుడు ఆ గుబ్బే ఇష్టం. చీకట్లో, తెర వెలుతురు తగ్గించుకుని, కళ్లు స్టేజీ మీదే పెట్టి వేలితోనే సర్దుకోవచ్చు.

రికార్డింగ్ మీట గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. నొక్కాక తెర మీద ఏ అక్షరాలున్నాయో చూడండి. ‘ఎస్‌టీబీవై’ అంటే ఇంకా ఎదురుచూస్తోంది, ‘ఆర్ఈసీ’ అంటే తీస్తోంది. 2018లోనే, రెండో నాటకంలో, హడావిడిగా మీట రెండుసార్లు నొక్కాను, రికార్డింగ్ మొదలై వెంటనే ఆగిపోయింది. అక్కడి నుంచి అంతా తిరగబడింది. తెర దించి రంగాలు మార్చుకునే వేళలన్నీ రికార్డయ్యాయి, పద్యాలు ఒక్కటీ లేవు. దుర్యోధనుడి వేషం వేసిన పెద్దాయనకు అదే చివరి నాటకం. ఆ బాధ ఈ రోజుకీ పోలేదు. అప్పటి నుంచి మీట నొక్కి, అక్షరాలు చూసి, సెకన్ల అంకె కదులుతోందని చూశాకే చెయ్యి తీస్తాను.

ఇక వెలుతురు. స్టేజీ మీద వెనక తెర నల్లగా, ముఖాల మీద లైట్లు తెల్లగా ఉంటాయి. కెమెరా సగటు లెక్క వేసుకుని, చీకటి ఎక్కువగా ఉంది కదా అని మొత్తం వెలుతురు పెంచేస్తుంది. దాంతో మేకప్ వేసిన ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోతుంది. కళ్లు, ముక్కు, నుదుటి నామం ఏవీ కనబడవు. దీనికి సులువైన మందు ‘సీన్ సెలెక్షన్’లో ఉన్న ‘స్పాట్‌లైట్’. గట్టి లైటు పడే ముఖాలు తెల్లబడకుండా చూడటానికే అది పెట్టారు. కొత్తవాళ్లు ఇదొక్కటి మార్చుకున్నా సగం పని అయిపోతుంది. నేను మాత్రం ఇప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే బొమ్మ వెలుతురును, మాన్యువల్‌లో పెట్టుకుని చేత్తోనే సర్దుతాను. పద్ధతి ఇది: ప్రార్థన పాడేటప్పుడు అందరూ వరసగా నిలబడతారు. అప్పుడు ఎవరో ఒకరి ముఖం మీదికి జూమ్ చేసి, కిరీటం మీది అద్దం ముక్కలు ఒక్కటొక్కటి విడిగా కనబడే దాకా వెలుతురు తగ్గిస్తాను. ముఖం కంటే కిరీటమే నాకు కొలత. అద్దాలు కలిసిపోయి ఒకే తెల్లటి మరకలా కనబడుతున్నాయంటే వెలుతురు ఇంకా ఎక్కువే ఉందని అర్థం. చిన్న తెర మీద కాస్త చీకటిగా అనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఇంట్లో టీవీలో చూస్తే సరిగ్గా ఉంటుంది.

‘లో లక్స్’ అని ఇంకో సెట్టింగ్ ఉంది, చీకట్లో తీయడానికి. పేరు చూసి కాటి సీనులో పెట్టాను. బొమ్మ వెలుతురుగానే వచ్చింది గానీ, నటుడు కర్ర తిప్పినప్పుడల్లా వెనక నీడ సాగింది. లోపల బొమ్మను పట్టే సెన్సర్ చాలా చిన్నది, 1/5.8 అంగుళం. దానికి కాస్తో కూస్తో వెలుతురు ఇవ్వక తప్పదు. కాటి సీను చీకటిగా రావడమే సరైనదని ఇప్పుడు నా అభిప్రాయం. చూసేవాళ్లకూ ఆ రాత్రి చీకటిగానే కనబడింది కదా.

అదే సీను నాకు వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగ్, నేర్పింది. స్మశానం కోసం లైట్ల ముందు నీలం కాగితం కడతారు. ఆటోలో పెడితే కెమెరా ఆ నీలాన్ని తప్పనుకుని, పది సెకన్లలో దాదాపు మామూలు రంగుకు తెచ్చేస్తుంది. అంత కష్టపడి లైటింగ్ చేసిన కుర్రాడి పని నీళ్లపాలు. ఇప్పుడు తెర లేవకముందే, మామూలు లైట్లు వెలిగించినప్పుడు, నాన్నగారి తెల్ల కండువాను స్టేజీ మధ్యలో ఒకరు చేత్తో పట్టుకుంటారు. దాని మీదికి జూమ్ చేసి తెర నిండా తెలుపే ఉండేలా పెట్టి, వైట్ బ్యాలెన్స్‌లో ‘వన్ పుష్’ నొక్కుతాను. ఆ తెలుపు కెమెరాకు గుర్తుండిపోతుంది. తరవాత నీలం లైటు వేస్తే నీలంగానే వస్తుంది, అగ్నిప్రవేశానికి ఎర్ర లైటు వేస్తే ఎర్రగానే వస్తుంది.

ఫోకస్‌కూ ఇలాంటి చిట్కానే. లైట్లు తగ్గినప్పుడు ఆటో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. స్టేజీ ముందు వేలాడే మైకులు ఉంటే ఒక్కోసారి వాటినే పట్టుకుంటుంది. పూర్తిగా జూమ్ చేసి ఒక నటుడి మీద ఫోకస్ కుదిరాక, మెనూలో మాన్యువల్‌కు మార్చి, జూమ్ వెనక్కి తీసుకుంటే ఇక స్టేజీ మొత్తం స్పష్టంగా ఉంటుంది. సెన్సర్ చిన్నదవడం ఇక్కడ మనకే లాభం. నటుడు రెండడుగులు ముందుకొచ్చినా మసక పడడు.

జూమ్ మీట మీద వేలు ఎంత తేలిగ్గా పెడితే అంత నెమ్మదిగా కదులుతుంది. గట్టిగా నొక్కితే ఉరుకుతుంది. పద్యం ఎత్తుకునేటప్పుడు నెమ్మదిగా దగ్గరకెళ్లి, ఆలాపన అయ్యేదాకా కదలకుండా ఉండడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. డిజిటల్ జూమ్ ఆపేయండి. 350 రెట్లని పెట్టె మీద రాసుంటుంది, దానితో మనకు పని లేదు. ‘క్లియర్ ఇమేజ్’ జూమ్ 60 రెట్ల దాకా వెళుతుంది. సగం దాకా బాగానే ఉంటుంది. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు, చేతి వణుకు బొమ్మలో కనబడకుండా చూసే స్టెడీషాట్ కూడా ఆపుతాను. చేత్తో పట్టుకుని నడుస్తూ తీసినప్పుడు మాత్రం దాన్ని ‘యాక్టివ్’లో పెట్టండి. ఊరేగింపుల్లో అది నిజంగా ఆదుకుంటుంది.

ఇప్పుడు శబ్దం. పద్య నాటకంలో బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా మనసు సరిపెట్టుకుంటుంది, గొంతు పాడైతే ఇక ఏమీ మిగలదు. ఈ కెమెరాకు బయటి మైక్ పెట్టుకునే సాకెట్ లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ కూడా లేదు. సంగీతం తీయడానికే కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఉన్న మైక్ మంచిదే, రెండు చెవుల స్టీరియో. కానీ మన నాటకాల్లో మైక్‌సెట్ వాళ్లు పెట్టే బాక్సుల హోరు ఎలా ఉంటుందో తెలుసు కదా. 2019లో ఒక నాటకంలో మా పెదనాన్న తారస్థాయిలో ఆలాపన అందుకున్నప్పుడల్లా రికార్డింగ్‌లో గొంతు చిట్లిపోయింది. రేకు చీల్చినట్టు వినబడింది. ఇంటికొచ్చాక నాన్నగారు చెవి దగ్గర పెట్టుకుని విని, “ఏరా, అన్నయ్య గొంతు ఇదేనా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మెనూలో మైక్రోఫోన్ కింద ‘మైక్ రిఫరెన్స్ లెవెల్’ అని ఉంటుంది. మామూలుగా ‘నార్మల్’లో ఉంటుంది. దాన్ని ‘లో’ చేయాలి, అంతే. అప్పుడు చిన్న శబ్దాలు కాస్త తగ్గుతాయి, పెద్ద శబ్దాలు చిట్లవు. నాటకం, భజన, నాదస్వరం, డప్పులు, ఏదైనా సరే నేను దీన్ని ‘లో’లోనే పెడతాను. కెమెరాను బాక్సులకు ఎదురుగా పెట్టకుండా, వెనకే నడిమధ్యకు తెచ్చుకోవడం కూడా అంతే ముఖ్యం. గాలి హోరు తగ్గించే సెట్టింగ్ ఆరుబయట కాలువ గట్టు గాలికి బాగా పనిచేసింది. హాల్లో మాత్రం ఆపేస్తాను. అది ఉంటే హార్మోనియం కింది స్వరాలు పలచబడ్డట్టు నాకనిపించింది, నాన్నగారూ అదే అన్నారు.

మూడేళ్ల నుంచి ఇంకో పని చేస్తున్నాను. ఒక చిన్న వాయిస్ రికార్డర్‌ను హార్మోనియం పక్కన గుడ్డ మీద పెట్టి, ఇంటికొచ్చాక ఆ శబ్దాన్ని బొమ్మకు జత చేస్తాను. రెండింటినీ కలపడానికి గుర్తు కావాలి కదా, తబలా మొదటి దెబ్బ సరిగ్గా సరిపోతుంది. చేతి వేలు తోలుకు తగిలే క్షణం బొమ్మలో కనబడుతుంది, శబ్దంలో నిటారుగా ఒక గీత లేస్తుంది. అక్కడ కలిపితే చాలు. నాటకం సుదీర్ఘం కాబట్టి గంటకోసారి సరిచూసుకోవాలి, శబ్దం బొమ్మ నుంచి నెమ్మదిగా జారుతుంది.

క్వాలిటీ విషయంలో మొదట్లో ఆశకొద్దీ ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే ఫైలు పద్ధతిలో 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు) పెట్టాను. గంటకు 22 జీబీ దాకా తింటుంది, దానికి క్లాస్ 10 మైక్రో ఎస్‌డీఎక్స్‌సీ కార్డు కావాలి. ఐదు గంటల నాటకానికి ఒక్క 64 జీబీ కార్డు చాలదు. ఇప్పుడు ముఖ్యమైన సీన్లకు అది, మిగతాదానికి ఏవీసీహెచ్‌డీ అనే ఇంకో పద్ధతిలో 17 ఎంబీపీఎస్. అది గంటకు ఎనిమిది జీబీ లోపే. ‘డ్యూయల్ వీడియో రికార్డింగ్’ ఆన్ చేస్తే పక్కనే చిన్న ఎంపీ4 కూడా తయారవుతుంది. తెల్లారేసరికి సమాజం వాళ్లందరికీ ఫోన్లలో పంపడానికి అదే పనికొస్తుంది. ఫైళ్లను కంప్యూటర్‌లో పెట్టి చెరపకండి, కార్డు మళ్లీ పెట్టగానే కెమెరా తన జాబితా సరిపోవడం లేదంటుంది. అలా అంటే ‘రిపేర్ ఇమేజ్ డేటాబేస్’ నొక్కండి. రెండు చోట్ల కాపీ అయ్యాక కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మేలు.

మా బావ అమెరికా నుంచి వేరే క్యామ్‌కార్డర్ ఒకటి తెచ్చాడు. అక్కడి పద్ధతిలో సెకనుకు 60 బొమ్మల లెక్కన తీసేది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ల కింద దాని బొమ్మలో చారలు పాకాయి. ఇక్కడ కొన్న నా కెమెరా 50 లెక్కన తీస్తుంది కాబట్టి ఆ బాధ రాలేదు. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు ఇది ముందు అడగండి.

బ్యాటరీ ఎన్‌పీ-బీఎక్స్1. కొత్తగా ఉన్నప్పుడు నాకు గంటంపావు వచ్చేది, ఇప్పుడు ముప్పావు గంట. తక్కువ ధరకు దొరికిన డూప్లికేటు ఒకటి ఎండాకాలంలో ఉబ్బి, బయటికి రాక ఇబ్బంది పెట్టింది. అసలుదే కొనండి. ఛార్జింగ్ కోసం చేతి పట్టీలోనే యూఎస్‌బీ వైరు దాగి ఉంటుంది. గోడ ప్లగ్గుకు పెట్టుకుని తీయడం కుదురుతుంది గానీ, పల్లెటూరి స్టేజీ దగ్గర జనరేటర్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. అందుకే మూడు బ్యాటరీలు జేబులో ఉంచుకుంటాను. మార్చడానికి నాకు ఇరవై సెకన్లు పడుతుంది, రంగం మారే వేళ చూసుకుని మారుస్తాను.

కిందటి శివరాత్రికి మా పెదనాన్న మళ్లీ కృష్ణుడి వేషం కట్టారు. మైక్ ‘లో’లో, కిరీటం అద్దాలు విడివిడిగా, కండువా తెల్లగా, అన్నీ తెర లేవకముందే సర్దేశాను. ఆ తరవాత జూమ్ తప్ప ఏదీ ముట్టుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం టీవీకి కలిపి పెట్టాను. ఆలాపన పైకెళ్లినప్పుడు నాన్నగారి వేళ్లు మంచం పట్టె మీద వాటంతటవే హార్మోనియం మెట్లు వెతుక్కున్నాయి. పద్యం పూర్తయ్యాక నా వైపు తిరిగి, “ఇంకోసారి వెయ్యరా” అన్నారు.