ఏళ్ల తరబడి వాడాక డిజికామ్ గురించి

ఫోన్ ఫోటోలు, పాత కెమెరావి, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లిచ్చిన పెన్‌డ్రైవ్‌లు, అమ్మ ఆల్బమ్‌లోంచి స్కాన్ చేసినవి... అన్నీ ఒకచోట సర్దుకోవడానికి చాలా ఏళ్లుగా డిజికామ్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది.

మా ఇంట్లో అసలు తలనొప్పి వాట్సాప్ ఫోటోలు. మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ మిగలదు. దాంతో సంక్రాంతి ముగ్గులు వెళ్లి ఆగస్టులో కూర్చుంటాయి. అయితే ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరు 'ఐఎంజీ-20190114-డబ్ల్యూఏ0007' లాగా ఉంటుంది కదా, తేదీ మార్చే టూల్‌లో 'ఫైల్ నేమ్' ఎంచుకుంటే ఆ అంకెల్లోంచే తేదీ లాగేసుకుంటుంది. ఎన్ని ఫోటోలైనా ఒక్క దెబ్బకు అయిపోతుంది. మెలిక ఒకటుంది, అది ఫోటో మన ఫోన్‌కి చేరిన తేదీ. బాబాయి ఈమధ్య పంపిన తన పెళ్లి ఫోటోకి 1984 అని మనమే కొట్టుకోవాలి.

ట్యాగులు, అంటే ఫోటోలకు తగిలించే గుర్తు పేర్లు, తెలుగులోనే పెట్టుకున్నాను. 'ఊళ్లు' కింద 'తెనాలి', దాని కింద 'అమ్మమ్మగారిల్లు'. మొదటిసారి తెరిచినప్పుడు ఈ వివరాలు ఫోటో ఫైళ్లలో కూడా రాయమంటారా అని అడుగుతుంది. రాయమనండి. రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారినా ట్యాగులు ఫోటోతోపాటే వస్తాయి. నేను దీన్ని పట్టుకుని ఉన్నది ముఖ్యంగా ఇందుకే.

ముఖాలు గుర్తుపట్టే పని మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫోటోలు బయటికి పోవు. కావలసిన ఫైళ్లు మాత్రం ముందోసారి డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొన్ని ముఖాలకు పేర్లు పెడితే మిగతావి ఊహించి చూపిస్తుంది, అవునో కాదో మనం చెప్పాలి. మా పిన్నిని అమ్మ అనుకుంటుంది. దాన్నేం అంటాం, చుట్టాలే పొరబడతారు!

డూప్లికేట్ల వెతుకులాట నాకు బాగా అక్కరకొచ్చింది. ఎంత శాతం పోలిక ఉంటే చూపించాలో మనమే పెట్టుకోవచ్చు. అసలు ఫోటో, వాట్సాప్‌లో నలిగి వచ్చిన కాపీ పక్కపక్కన కనబడతాయి, చిన్నది తీసేయడమే. శుభోదయం గులాబీల గుట్ట కూడా ఇలాగే కరిగింది.

తెర నిండా మీటలూ మెనూలే, అలవాటు పడటానికి టైము పడుతుంది. సైడ్ ప్యానెళ్లలో సగం నేనింకా ముట్టుకోలేదు. ఫోన్‌లోనే అన్నీ చూసుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, మొబైల్ యాప్ లేదు. డిజికామ్ ఫోటోల వివరాలు రాసుకునే డేటాబేస్ మాత్రం కంప్యూటర్ లోపలి డిస్క్‌లోనే ఉంచండి, నెట్‌వర్క్ డ్రైవ్‌లో వద్దు. బ్యాకప్ విడిగా చూసుకోవాలి, నేనైతే ఇంకో హార్డ్ డిస్క్‌లోకి మొత్తం ఫోల్డర్ కాపీ చేస్తాను.