బేబ్ రూత్ సంతకం ఉన్న పుస్తకం కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో ఆడతాడు. పిల్లల కోసమో, ఎవరికైనా కానుకగా ఇవ్వడానికో పాత బేస్‌బాల్ పుస్తకాలు, అందులోనూ ఒకప్పటి ప్రఖ్యాత అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండు నెలల్లో మూడు పుస్తకాలు కొన్నాను. మూడింటిలోనూ దెబ్బతిన్నాను. అందులో ఒకదానికి పెట్టింది నా డబ్బు కూడా కాదు, పన్నెండు కుటుంబాలు నమ్మి నా చేతిలో పెట్టిన డబ్బు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మా పిల్లలకు నాలుగేళ్లు కోచింగ్ ఇచ్చిన పెద్దాయన ఈ సీజన్‌తో మానేస్తున్నారు. ఆయన పుట్టింది బాల్టిమోర్‌లో. బేబ్ రూత్ పుట్టిందీ ఆ ఊళ్లోనే. ప్రాక్టీస్ అయ్యాక పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టి రూత్ కథలు చెప్పేవారు. 1927లో కొట్టిన 60 హోమ్ రన్‌ల (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) గురించి, అల్లరి భరించలేక అమ్మానాన్నలు ఏడేళ్లకే సెయింట్ మేరీస్ ఇండస్ట్రియల్ స్కూల్‌లో వేస్తే అక్కడ బ్రదర్ మాథియాస్ అనే ఆయన బ్యాట్ పట్టడం నేర్పడం గురించి చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. అందుకే ఆయనకు రూత్ సంతకం ఉన్న పుస్తకం ఇస్తే బాగుంటుందని అనుకున్నాం. పన్నెండు కుటుంబాలు, ఇంటికి అరవై డాలర్లు, మొత్తం 720. కొనే బాధ్యత నాకు అప్పజెప్పారు. 'మీరు పుస్తకాల మనిషి కదండీ' అన్నారు.

నిజమే, నాకు పాత పుస్తకాల పిచ్చి ఉంది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదే ఉండేవాణ్ణి. కానీ అక్కడ పుస్తకం చేతిలోకి తీసుకుని, పేజీలు తిప్పి, అట్ట వాసన చూసి, బేరమాడి కొనేవాళ్లం. ఇక్కడ చూసేదల్లా నాలుగు ఫోటోలు, కింద ఒక కథ. ఆ కథే నన్ను ముంచింది.

పుస్తకం పేరు 'ది బేబ్ రూత్ స్టోరీ'. బాబ్ కాన్సిడైన్ అనే పత్రికా రచయిత రూత్ చెప్పగా రాసినట్టుగా 1948లో వచ్చింది. అప్పటికే రూత్‌కు క్యాన్సర్ ముదిరిపోయింది. ఆ ఏడాది జూన్ 5న ఆయన యేల్ యూనివర్సిటీకి వెళ్లి ఈ పుస్తకం రాతప్రతిని అక్కడి లైబ్రరీకి ఇచ్చారు. అందుకున్న కుర్రాడు యేల్ బేస్‌బాల్ జట్టు కెప్టెన్ జార్జ్ బుష్, తర్వాత ప్రెసిడెంట్ అయిన పెద్ద బుష్. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు అంత భారీ మనిషి, కోటు వేలాడిపోతూ నిలబడి ఉంటారు. ఆగస్టు 16న చనిపోయారు. అంటే ఈ పుస్తకం మీద ఆయన సంతకం చేయడానికి దొరికిన సమయం కొన్ని నెలలు మాత్రమే, అదీ మంచం పడుతూ లేస్తూ. నిజమైన సంతకం ఉన్న కాపీలు తక్కువ. వాటి ధర వేల డాలర్లలో ఉంటుంది. ఇవన్నీ నాకు కొన్నాక తెలిసిన సంగతులు. కొనక ముందు గంటసేపు చదివి ఉంటే ఈ పోస్టు రాయాల్సిన పని ఉండేది కాదు.

అమ్మినతను ఆ యేల్ ఫోటోనే లిస్టింగ్‌లో పెట్టాడు. వాళ్ల తాతగారు ఆ రోజు అక్కడ స్టూడెంట్ అట. రూత్ కారెక్కుతుంటే పరుగెత్తుకెళ్లి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారట. తర్వాత ఆ కాగితాన్ని పుస్తకంలో అంటించి దాచుకున్నారట. ఇల్లు ఖాళీ చేస్తున్నాం, విలువ తెలిసినవాళ్ల చేతిలో పడితే చాలు, 760 డాలర్లు అన్నాడు. తేదీ, ఊరు, ఫోటో అన్నీ నిజమే. అవి నిజం కాబట్టి తాతగారి కథా నిజమేనని నమ్మేశాను. ఫోన్‌లో కూడా ఎంతో మర్యాదగా మాట్లాడాడు. సైట్‌లో కడితే కమిషన్ పోతుంది, నేరుగా బ్యాంకు నుంచి పంపితే 700కే ఇస్తాను, పోస్టు ఖర్చు ఇరవై అన్నాడు. సరిగ్గా మా దగ్గరున్న 720. దేవుడే కుదిర్చాడనుకుని పంపేశాను.

వారంలో పార్సెల్ వచ్చింది. పుస్తకం పాతదే. అట్ట అంచులు అరిగి ఉన్నాయి, పేజీలు టీ మరక రంగులోకి తిరిగాయి. అట్ట తిప్పగానే ఖాళీ పేజీ మీద చీటీ లాంటి కాగితం అంటించి ఉంది. దాని మీద నీలం ఇంకుతో బేబ్ రూత్ అని సంతకం. తోడుగా బంగారు రంగు స్టిక్కర్ అతికించిన సర్టిఫికెట్ ఒకటి. మా ఆవిడ దాన్ని పూజగదిలో పెట్టింది, కోచ్‌కి ఇచ్చే రోజు దాకా భద్రంగా ఉంటుందని.

అసలు సంగతి బయటపెట్టింది మా వాడు. స్కూలు వాళ్లు ఒకసారి పిల్లల్ని ఇక్కడి స్టెర్లింగ్ హిల్ గనుల మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడి రాళ్లు యూవీ లైటు కింద ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో వెలుగుతాయి. అప్పటి నుంచి వాడి దగ్గర ఒక చిన్న యూవీ టార్చి ఉంది, దొరికిన ప్రతి వస్తువు మీదా వేస్తుంటాడు. ఒక రాత్రి పుస్తకం మీదా వేశాడు. 'నాన్నా, ఈ కాగితం ఒక్కటే వెలుగుతోంది' అన్నాడు. వెళ్లి చూశాను. పుస్తకం పేజీ మట్టిరంగులో చీకటిగా ఉంది. దాని మధ్యలో ఆ చీటీ కొత్త తెల్లచొక్కాలా నీలంగా మెరిసిపోతోంది. నాకు ఒళ్లు చల్లబడింది.

కారణం మర్నాడు చదివి తెలుసుకున్నాను. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు ఉంటాయి. యూవీ పడితే అవి అలా వెలుగుతాయి. కాగితం తయారీలో వాటి వాడకం మొదలైందే 1950 ప్రాంతంలో. 1948 ఆగస్టులో చనిపోయిన మనిషి ఆ కాగితం మీద సంతకం ఎలా పెడతాడు?

అనుమానం మిగలకూడదని ఊళ్లో పాత పుస్తకాల షాపాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, నన్నూ చూడమన్నారు. మనం రోజూ చేసే సంతకంలో పెన్ను ఆగదు, గీత సన్నగా మొదలై లావై మళ్లీ సన్నగా తేలిపోతుంది. ఈ సంతకంలో గీతంతా ఒకే లావు. మొదలైన చోటా ఆగిన చోటా ఇంకు చుక్కలా ముద్దకట్టి ఉంది. 'రూత్‌'లో ఆఖరి అక్షరం దగ్గర చేయి వణికి ఆగి, మళ్లీ కదిలింది. చూసి చూసి గీసిన బొమ్మ అది. సర్టిఫికెట్ మీదున్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు. ఆ పేరుతో కంపెనీ ఎక్కడా కనిపించలేదు. సంతకం తీసేస్తే పుస్తకం ధర ఎంతుంటుందని అడిగాను. ఈ స్థితిలో పాతిక, ముప్ఫై డాలర్లు అన్నారు.

యూవీ టార్చి అన్నిటినీ పట్టేస్తుందని మాత్రం అనుకోకండి. ఆ షాపాయన చెప్పిన ప్రకారం కాస్త తెలివైన దొంగలు పాత పుస్తకాల నుంచి ఖాళీ పేజీలు చించి వాటి మీద సంతకాలు గీస్తారు. ఆ కాగితం వెలగదు. వెలిగితే నకిలీ అని చెప్పవచ్చు గానీ, వెలగకపోతే అసలుదని చెప్పలేం. ఇదేదో చిల్లర దొంగల వ్యవహారం కూడా కాదు. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ శాన్ డియేగోలో 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో నకిలీ సంతకాల ముఠాను పట్టుకుంది. బేబ్ రూత్ సంతకాలు కూడా గీసి అమ్మేవాళ్లు, నకిలీ సర్టిఫికెట్లతో సహా.

కాబట్టి సంతకం ఉన్నది కొనాలంటే సంతకాలు అసలువో కావో తేల్చే పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంస్థలు పరిశీలించినదై ఉండాలి. సర్టిఫికెట్ నంబరును వాళ్ల సైట్‌లో మీరే కొట్టి చూడండి, ఎందుకంటే వాళ్ల పేరుతోనూ నకిలీ సర్టిఫికెట్లు తిరుగుతున్నాయి. నంబరు సరిపోయినా అక్కడి వివరం, మీ చేతిలో ఉన్న వస్తువు ఒకటేనా కాదా చూసుకోండి. విడి కాగితం మీద సంతకం చేసి పుస్తకంలో అంటించినదైతే ఇంకా జాగ్రత్త. పుస్తకం తాతగారి కాలం నాటిదే అయినా, చీటీ నిన్న రాత్రి అంటించింది అయ్యుండొచ్చు.

డబ్బు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. సైట్ బయట, బ్యాంకు నుంచి నేరుగా పంపాను కాబట్టి సైట్ వాళ్లు మాకు సంబంధం లేదన్నారు. బ్యాంకు వాళ్లు మీరే స్వయంగా పంపారు కదా అన్నారు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే కనీసం డిస్ప్యూట్ వేసే, అంటే డబ్బు వాపసు కోరుతూ కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసే దారి ఉండేది. యాభై, అరవై డాలర్లు తగ్గిస్తాను బయట కట్టండి అని ఎవరైనా అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్లకు ఇంకా కష్టం. తిరిగి పంపడానికయ్యే ఖర్చు కొన్నిసార్లు పుస్తకం ధరను దాటుతుంది.

మిగతా రెండు పుస్తకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. రూత్ పేరుతో 1928లో 'బేబ్ రూత్స్ ఓన్ బుక్ ఆఫ్ బేస్‌బాల్' అని ఒక పుస్తకం వచ్చింది. నిజానికి రాసింది ఫోర్డ్ ఫ్రిక్ అనే పత్రికా రచయిత, ఆయనే తర్వాత బేస్‌బాల్ కమిషనర్ అయ్యారు. అమెరికాలో 1928 నాటి పుస్తకాల మీద కాపీరైట్ 2024 జనవరి 1తో పోయింది. అందువల్ల ఇప్పుడు ఎవరైనా ప్రింటు వేసి అమ్ముకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, చక్కగా వేస్తే మంచిదే. నాకు వచ్చింది మాత్రం లైబ్రరీ కాపీని స్కాన్ చేసి అచ్చేసినది. ఫోటోలన్నీ నల్లటి ముద్దలు. ఒక పేజీలో స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు సగం పేరాను మూసేసింది. రెండు పేజీలు పూర్తిగా ఖాళీ. అట్ట మాత్రం అద్భుతంగా ఉంది, లిస్టింగ్‌లో చూపించిందీ అదొక్కటే. అందుకే లోపలి పేజీల ఫోటో అడగండి, ఎవరు ఏ సంవత్సరం అచ్చేశారో కాపీరైట్ పేజీలో చూడండి. 'ఫస్ట్ ఎడిషన్' అన్నా ముందు ఆ పేజీ ఫోటోనే అడగాలి. బుక్ క్లబ్‌ల కోసం చవగ్గా వేసిన కాపీలను ఫస్ట్ ఎడిషన్ అని అమ్మేవాళ్లున్నారు. జాకెట్ (అట్ట మీద చుట్టే కాగితం కవరు) లోపలి మడత మీద ధర లేకపోయినా, వెనక అట్ట కింది మూలలో చిన్న గుంట లాంటి గుర్తు ఉన్నా అనుమానించండి.

మూడోది మా వాడి స్కూలు ప్రాజెక్టు కోసం కొన్న జీవితచరిత్ర. అరవై పేజీలు, పదిహేను డాలర్లు. రచయిత పేరు వెతికితే అలాంటి మనిషే లేడు. చదువుతుంటే ఒకే విషయాన్ని తిప్పి తిప్పి చెప్పినట్టుంది, మనిషి కూర్చుని రాసిందిలా లేదు. రూత్ అనాథ అని రాశారు. ఆయన్ని 1902లో సెయింట్ మేరీస్ స్కూల్లో వేసేనాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ బతికే ఉన్నారు. తన 714 హోమ్ రన్‌లూ న్యూయార్క్ యాంకీస్ జట్టుకే కొట్టారని రాశారు. యాంకీస్‌కు కొట్టినవి 659. రెడ్ సాక్స్ జట్టుకు 49, చివరి సీజన్‌లో బ్రేవ్స్ జట్టుకు 6. మా వాడు ఆ తప్పుల్నే ప్రాజెక్టులో ఎక్కించాడు, టీచర్ ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి ఇచ్చారు. పిల్లాడు ఆ రోజంతా మాట్లాడలేదు. డబ్బు పోయినదానికంటే అది ఎక్కువ బాధ అనిపించింది.

చదవడానికే అయితే రూత్ మీద నిఖార్సైన పుస్తకాలు ఉన్నాయి, చవకగానూ దొరుకుతాయి. రాబర్ట్ క్రీమర్ 1974లో రాసిన 'బేబ్' ఇప్పటికీ మొదట చదవాల్సినది. హాంక్ ఆరన్ అనే ఆటగాడు 715వ హోమ్ రన్ కొట్టి రూత్ రికార్డు దాటిన ఏడాదే అది వచ్చింది. లీ మాంట్‌విల్ 'ది బిగ్ బ్యామ్' 2006లో వచ్చింది. జేన్ లీవీ రాసిన 'ది బిగ్ ఫెల్లా' 2018 నాటిది. 1927 సీజన్ అయ్యాక రూత్, ఆయన జట్టులోనే ఆడిన లూ గెరిగ్ కలిసి ఊరూరా తిరిగి ఆడిన టూర్ చుట్టూ ఆమె కథ నడిపిన తీరు నాకు చాలా నచ్చింది. ఈ మూడూ మా కౌంటీ లైబ్రరీలో ఉచితంగా దొరికాయి. ఒక్క విషయం, పాత పుస్తకాల్లో రూత్ పుట్టిన సంవత్సరం 1894 అని కనిపిస్తే నకిలీ అని కంగారు పడకండి. 1934లో జపాన్ టూర్ కోసం పాస్‌పోర్టు తీసుకునే దాకా ఆయనే అలా అనుకున్నారు. రికార్డుల్లో చూస్తే 1895 ఫిబ్రవరి 6 అని తేలింది.

నేను ఆన్‌లైన్ మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 సైట్‌లో కంప్లయింట్ ఇచ్చాను. పార్సెల్ పోస్టులో వచ్చింది కాబట్టి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు కూడా రాశాను. మీరూ ఇలా మోసపోయి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, లిస్టింగ్ స్క్రీన్‌షాట్లు, పార్సెల్ కవరు, డబ్బు పంపిన రసీదు దాచిపెట్టి కంప్లయింట్ ఇవ్వండి. నాకు సంతకం పుస్తకం అమ్మినతని లిస్టింగ్ ఇప్పుడు కనిపించడం లేదు. కానీ యేల్ ఫోటో, తాతగారు, అంటించిన చీటీ, ఇల్లు ఖాళీ చేస్తున్నామన్న మాట, ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే అది అతనే కావచ్చు, డబ్బు పంపకండి.

పన్నెండు కుటుంబాలకూ ఫోన్ చేసి జరిగింది చెప్పాను, ఆ 720 నా జేబులోంచి వేసి కోచ్‌కు వేరే కానుక కొన్నాం. ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని అమ్మబోను, ఎవరికీ ఇవ్వబోను కూడా. రేపు నా తర్వాత ఎవరి చేతిలోనైనా పడితే వాళ్లు మోసపోకూడదని, ఆ చీటీ కింద పెన్నుతో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి పెట్టాను: 'ఈ సంతకం నకిలీ. కాగితం 1948 నాటిది కాదు.'