1918 సైనికుడి బొమ్మకు ఏ షాట్‌గన్ మేలు: 1897 మోడలా, మోడల్ 12నా?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సైనికుడి బొమ్మ గీయమంటే పళ్లెం బోర్లించినట్టుండే ఇనప టోపీ, పిక్కలకు చుట్టిన పట్టీలు అందరూ శ్రద్ధగానే వేస్తారు. చేతిలో తుపాకీ దగ్గరికొచ్చేసరికి మాత్రం గూగుల్‌లో మొదట కనిపించిన నల్లటి పంప్ షాట్‌గన్ (గొట్టం కింది పిడిని ముందుకీ వెనక్కీ ఆడించి తూటా ఎక్కించే తుపాకీ) పెట్టేస్తారు. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870ని 1918 కందకంలో నిలబెట్టిన ఘనుల్లో నేనూ ఒకణ్ణి.

అసలు పోటీ వించెస్టర్ కంపెనీ తుపాకులు రెండింటి మధ్య: 1897 మోడల్, 1912లో వచ్చిన మోడల్ 12. సైన్యం కోసం చేసిన రకంలో రెండింటికీ 20 అంగుళాల గొట్టం, దానిపై చెయ్యి కాలకుండా చిల్లుల రేకు, ముందు బయొనెట్ (తుపాకీ కొనకు తగిలించే కత్తి) బిగించే అమరిక ఉంటాయి. దూరం నుంచి చూస్తే కవల పిల్లలే.

తేడా వెనక భాగంలో ఉంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1897కి హామర్ (తూటాను పేల్చే సుత్తిలాంటి భాగం) బయటికే కనిపిస్తుంది. పంప్ వెనక్కి లాగితే బోల్ట్ (తూటా వెనక మూసి ఉంచే ఇనప భాగం) తుపాకీ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చి, హామర్‌ను కిందికి నొక్కుతుంది. అంటే బొటనవేలు అక్కడ ఉంటే దెబ్బ తప్పదు. బొమ్మలో వేలు కాస్త కిందికి దించి, బోల్ట్ సగం బయటికి వచ్చినట్టు గీసి చూడండి, కదలని బొమ్మలో కూడా కదలిక వస్తుంది. మోడల్ 12లో హామర్ లోపలే దాగుంటుంది, వెనక భాగం నున్నగా, గుండ్రంగా ఉంటుంది. గీయడం తేలిక. కానీ బొమ్మ చిన్న సైజులో చూస్తే ఏ కాలం తుపాకీయో చెప్పలేం.

ఇక చరిత్ర. 1918లో కందకాల్లోకి వెళ్లిన వించెస్టర్ అంటే ప్రధానంగా 1897. ఆ ఏడాది సెప్టెంబర్‌లో జర్మనీ షాట్‌గన్‌ల మీద అధికారికంగా నిరసన తెలిపింది, వాటితో పట్టుబడినవాడికి మరణశిక్షేనని కూడా బెదిరించింది. అమెరికా ఒప్పుకోలేదు. ఈ తుపాకీ అంటే భయం ఊరికే కాదు: ఒక్కో తూటాలో తొమ్మిది సీసపు గుండ్లు, పైగా ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ ఆడిస్తే చాలు, వరసగా పేలుతుంది. మోడల్ 12 కూడా అలాగే పేలుతుంది, కాబట్టి ఆ ఒక్క పోజు కోసం 1897నే ఎంచుకోనక్కర్లేదు.

అందుకే 1918కి నా ఓటు 1897కే. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లోని మెరీన్‌ను గీస్తుంటే మోడల్ 12 నిశ్చింతగా పెట్టొచ్చు. వియత్నాం అయితే ఈ రెండూ పక్కనపెట్టి ఇథాకా 37 అనే ఇంకో పంప్ షాట్‌గన్ చూడండి.

తుపాకీ సరైనదే అయినా రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది చిల్లుల రేకు: మొదటి యుద్ధం నాటి దానికి ఆరు వరసల చిల్లులు, 1942 తర్వాత నాలుగు వరసలే. నెట్‌లో దొరికే ఫొటోల్లో ఏది ఏ కాలందో లెక్కపెట్టి చూసుకోవాలి. రెండోది తూటాలు. బెల్టుకు ఎర్రటి ప్లాస్టిక్ తూటాలు తగిలిస్తే అక్కడే దొరికిపోతాం, ప్లాస్టిక్‌వి 1960లో గానీ రాలేదు. అప్పట్లో కాగితపు తూటాలు. తడికి అవి ఉబ్బి తుపాకీలోకి దూరేవి కావు, అందుకే ఇత్తడివి తెచ్చారు. బురద కందకంలో ఇత్తడి మెరుపు రంగుల పరంగా కూడా బాగుంటుంది.

ఇంకోటి, ఇది మన అలవాటుతో వచ్చే తంటా. బొమ్మ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి క్యాన్వాస్ అడ్డంగా (అద్దంలో చూసినట్టు) ఫ్లిప్ చేస్తాం కదా, ఒకసారి వెనక్కి తిప్పడం మరిచిపోయి అలాగే పంపేశాను. ఖాళీ తూటా ఎగిరిపడే కంత ఈ రెండు తుపాకులకూ కుడివైపే, నా బొమ్మలో ఎడమవైపు వచ్చింది. చొక్కా గుండీలు కూడా ఆడవాళ్ల వైపు మారాయి. క్లయింట్ పట్టుకున్నది గుండీలనే, తుపాకీ జోలికి ఎవరూ రాలేదు.