పెళ్లి వీడియో మార్పులు, ఓకేల కోసం ఫ్రేమ్ ఐఓ: గోదావరి జిల్లాల స్టూడియోలకి ఎంతవరకు పనికొస్తుంది?

“రెండో పాటలో మా మేనత్తగారు సరిగా కనపడ్డంలేదండీ, కాస్త చూడండి.” భీమవరంలోనైనా అమలాపురంలోనైనా పెళ్లి వీడియో మిక్సింగ్ చేసే స్టూడియోకి మార్పులు వచ్చేది ఇలాగే, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా. రెండో పాటంటే నాలుగు నిమిషాలు. అందులో మేనత్తలు ముగ్గురు. ఎవరి గురించి చెప్పారో, ఏ సెకను దగ్గరో తేలేసరికి ఎడిటర్‌కి పూట గడిచిపోతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి ఉన్న సాధనాల్లో, ఇంటర్నెట్‌లో వీడియో చూపించి కామెంట్లు తీసుకునే ఫ్రేమ్ ఐఓ ముందు వరసలో ఉంటుంది. 2014లో న్యూయార్క్‌లో మొదలైన ఈ సేవని 2021లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ కొనేసింది. 2024లో నాలుగో వెర్షన్ వచ్చింది.

పని చేసే తీరు తేలికే. వీడియో ఎక్కించి, ఒక లింకు తయారుచేసి పెళ్లివారికి పంపాలి. వాళ్లు అకౌంట్ తెరవక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లోనే చూడొచ్చు. చూస్తూ ఒకచోట ఆపి రాస్తే ఆ మాట ఆ ఫ్రేముకే అంటుకుంటుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము అంటే సెకనులో 25వ వంతు, అంత కచ్చితంగా. కామెంటు తెలుగులోనే రాయొచ్చు. బొమ్మ మీద సున్నా చుట్టి “ఈవిడే” అని చూపించొచ్చు. మేనత్తగారి చిక్కు తీర్చేది ఆ సున్నాయే. లింకు పంపేటప్పుడే పెళ్లివారికి ఆ గీసే గుర్తు ఎక్కడుందో స్క్రీన్‌షాట్ తీసి పంపండి. చెప్పకపోతే ఎవరూ దాని జోలికి పోరు.

ఎడిటర్ వైపు సుఖం ఇంకా ఎక్కువ. అడోబీ 2022 ఏప్రిల్ నుంచి తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రీమియర్ ప్రో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లోపలే ఈ కామెంట్ల ప్యానెల్ ఇస్తోంది. కామెంటు మీద నొక్కితే టైమ్‌లైన్‌లో సరిగ్గా అక్కడికే వెళ్తుంది, పని అయ్యాక టిక్కు పెట్టుకోవచ్చు. ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్లకి డబ్బు కట్టి తీసుకునే స్టూడియో వెర్షన్‌లో ఈ జోడింపు ఉంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. మార్పులు మొదటి నిమిషం నుంచి వరసగా చేసుకుంటూ పోతారు. రెండో నిమిషంలో ఎనిమిది సెకన్లు కోశారంటే, ఆ తర్వాతి కామెంట్లన్నీ టైమ్‌లైన్ మీద ఎనిమిది సెకన్లు తప్పుచోట పడతాయి. అందుకని చివరి కామెంటు నుంచి వెనక్కి రావాలి. చివర్లో ఎంత కోసినా, ఎంత అతికినా ముందున్నవి కదలవు. అలాగే మొత్తం సీక్వెన్స్ కాకుండా మధ్యలో ఒక ముక్క మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కించినా, ఎక్స్‌పోర్ట్‌లో ఫ్రేమ్ రేటు మారినా కామెంట్లు సరైన చోట కూర్చోవు. 25లో కట్ చేసింది 25లోనే ఎక్కించాలి.

ఇంకో సంగతి. చూసేవాళ్లు ఎప్పుడూ ఆలస్యంగా ఆపుతారు. సారె కావిళ్ల షాట్ దాటిపోయాక “అయ్యో, ఇది రెండు సెకన్లేనా” అని ఆపి రాస్తారు. కాబట్టి కామెంటు పడ్డ ఫ్రేము కంటే మూడు, నాలుగు సెకన్లు ముందునుంచి చూసుకోవాలి. లేకపోతే మార్చక్కర్లేని షాట్ మారుతుంది.

కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు దాన్ని పాత ఫైలు మీదకి లాగి వదలాలి. అప్పుడు రెండూ ఒక దొంతరగా నిలుస్తాయి, పాత కామెంట్లు పాత వెర్షన్‌తోనే ఉంటాయి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. విడి ఫైలుగా ఎక్కిస్తే సగంమంది పాతదే చూసి “చెప్పిన మార్పులు చెయ్యలేదు” అంటారు. యూట్యూబ్ అన్‌లిస్టెడ్ లింకుతో (లింకు ఉన్నవాళ్లకే కనపడేది) పోలిస్తే పెద్ద తేడా ఇదే. అక్కడ అదే లింకులో వీడియో మార్చే వీలు లేదు, పైగా సినిమా పాట ఉంటే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది.

చోటు, ఖర్చు లెక్క ముందే వేసుకోవాలి. 20 నిమిషాల హైలైట్స్‌ని 10 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 10 మెగాబిట్ల లెక్కన తీస్తే 1.5 జీబీ. ఉచిత ప్లాన్‌లో ఇచ్చేది 2 జీబీ, ఇద్దరు సభ్యులు, రెండు ప్రాజెక్టులు. అంటే రెండో వెర్షన్‌కే చోటు చాలదు. 5 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తే 750 ఎంబీ అవుతుంది, ఫోన్‌లో చూసి మార్పులు చెప్పడానికి ఆ నాణ్యత సరిపోతుంది. మూడు గంటల ఫుల్ వీడియో అదే లెక్కన 6.75 జీబీ. అడోబీ సాఫ్ట్‌వేర్లకి కట్టే క్రియేటివ్ క్లౌడ్ చందాతో వచ్చే అకౌంట్‌లో 100 జీబీ ఉంటుంది కాబట్టి, ఒకరిద్దరు ఎడిటర్లున్న స్టూడియోకి వేరే ప్లాన్ కొనే పని లేదు. ప్రో ప్లాన్ ఒక్కో సభ్యుడికి నెలకు 15 డాలర్లు. ముహూర్తాల సీజన్లో ముగ్గురు నలుగురు ఎడిటర్లు పనిచేసే చోటే అది గిట్టుబాటు.

అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉంటే ఆ 1.5 జీబీ పది నిమిషాల్లో ఎక్కుతుంది. 5 మాత్రమే అందే ఊళ్లో 40 నిమిషాలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో కరెంటు మీద భరోసా ఉండదు, రౌటర్‌కి కూడా యూపీఎస్ పెట్టుకోవాలి. కంప్యూటర్‌కి పెట్టి రౌటర్‌ని వదిలేస్తే అప్‌లోడ్ సగంలో ఆగుతుంది.

సాఫ్ట్‌వేర్ చెయ్యలేని పనీ ఉంది. ఓకే చెప్పే హక్కు ఎవరిదో అది తేల్చదు. ఇంట్లో ఒకే ఫోన్ అయిదుగురి చేతులు మారుతుంది, కామెంట్లన్నీ ఒకే పేరు మీద పడతాయి. అమ్మాయి తరఫు పాట మార్చమంటారు, అబ్బాయి తరఫు అదే ఉంచమంటారు. డల్లాస్‌లో ఉన్న అన్నగారు అక్కడి సాయంత్రం చూస్తే ఇక్కడ తెల్లవారుజామున ఇంకో పది కామెంట్లు. అందుకే అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఒక్కో వైపు నుంచి ఒక్కరి పేరు రాసుకోవాలి. మిగతావాళ్లు ఏం చెప్పినా ఆ ఇద్దరి ద్వారానే రావాలి. ఎన్ని విడతల మార్పులు ఉచితమో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. రెండు విడతలు న్యాయంగా ఉంటుంది.

మొదటి విడతలో కలర్ చెయ్యకుండా కట్ మాత్రమే పంపడం మంచిది. ఎవరున్నారు, ఎవరు లేరు, ఏ పాట అనేవి అక్కడే తేలిపోతాయి. జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు వరస తప్పకుండా ఉన్నాయో లేదో పెద్దవాళ్లు చూసుకునేదీ ఇక్కడే. కలర్, సౌండ్ రెండో విడతలో. పేర్ల టైటిల్ కూడా మొదటి విడతలోనే పెట్టేయాలి. శుభలేఖ ఫోటోని అదే ప్రాజెక్టులో ఎక్కించి ఇంటిపేరు అక్షరం అక్షరం పోల్చమనండి. ప్రీమియర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చాలి.

మీ ప్లాన్‌లో వీలుంటే లింకుకి పాస్‌వర్డ్ పెట్టండి, డౌన్‌లోడ్ ఆపండి, గడువు పెట్టండి. అయినా స్క్రీన్ రికార్డింగ్‌ని ఏదీ ఆపలేదు. పెళ్లికూతురి వీడియో ఊరి గ్రూపుల్లో తిరిగితే ఆ బాధ ఆ ఇంటిది. అందుకని “డ్రాఫ్ట్ 1” అన్న అక్షరాలు ఎక్స్‌పోర్ట్‌లోనే బొమ్మ మధ్యలో పడేలా చేయడం మేలు.

చివరి ఓకే ఫోన్ కాల్‌లో నోటిమాటగా తీసుకోవద్దు. పేరు రాసుకున్న ఆ ఇద్దరూ ఆఖరి వెర్షన్ మీద “ఇదే ఫైనల్” అని కామెంటు పెట్టాకే ఫుల్ క్వాలిటీ రెండర్ వేయాలి, అప్పుడే స్టేటస్‌ని అప్రూవ్డ్‌కి మార్చాలి. తర్వాత కామెంట్లు దించుకుని ఆ పెళ్లి హార్డ్‌డిస్కులోనే దాచి, ప్రాజెక్టు తీసేస్తే తర్వాతి ముహూర్తాలకి చోటు మిగులుతుంది.