ఎండకు రెండు అర్థాలు: నాలుగో పాత్రా, మనం వదిలిన పొగా?

కర్నూలులో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటితే చాలు, మా చర్చి సంఘంలో బైబిల్ చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం, 16వ అధ్యాయం తెరుస్తారు. నాలుగో దూత తన పాత్రను సూర్యుడి మీద కుమ్మరించగానే మనుషులు కాలిపోతారని ఉంది అక్కడ. 2024 ఇప్పటివరకు నమోదైన అత్యంత వేడి సంవత్సరం అనగానే, "ఇదిగో, నెరవేరింది" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. క్రీస్తు రెండో రాకడ కోసం ఎదురుచూసేవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండో మాట శాస్త్రానిది. నన్ను ఒప్పించింది ఇదే. ఆ వచనంలో కాల్చేది సూర్యుడు. కానీ 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నా సూర్యుడి వేడి పెరిగినట్టు కనబడలేదు. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. అవి చల్లబడుతున్నాయి. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280 భాగాలు) నుంచి 420 దాటింది. కింద వేడిని పట్టి ఉంచేది అదే.

మత్తయి 24:36 ప్రకారం ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదు. మరి థర్మామీటర్ చూసి తేదీ ఎలా చెప్తాం?

మొదటి మాటతో నాకున్న బాధ వేరే. "ఎలాగూ అంతమే కదా" అనుకుంటే చేతులు ఆగిపోతాయి. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. అందుకే ఈసారి ఆరాధన ఉదయం ఏడింటికి మార్చమని, గేటు దగ్గర మజ్జిగ కుండ పెట్టమని పాస్టరుగారిని అడిగాను.